ఈ నక్క వెనక ఎన్ని కొలువులో!

ఎంఎస్‌ కోసం కాలిఫోర్నియా వెళ్లే మనవాళ్లు సెలవు దొరికితే డిస్నీల్యాండ్‌కి పరుగెడతారు. నన్నడిగితే వెంచురా హార్బర్‌లో పడవెక్కి శాంటా క్రూజ్‌ దీవికి వెళ్లండి అంటాను. ఛానల్‌ ఐలాండ్స్‌ నేషనల్‌ పార్కులోని అయిదు దీవుల్లో ఇదొకటి. దుకాణాలుండవు, తిండి మీరే పట్టుకెళ్లాలి. బ్యాగు మాత్రం జాగ్రత్త! పిల్లి సైజులో ఉండే ఐలాండ్‌ ఫాక్స్‌ అనే నక్క కొట్టేస్తుంది.

ఆ దొంగ ఇప్పుడు బతికుండటమే పెద్ద విషయం. డీడీటీ వల్ల బాల్డ్‌ ఈగల్స్‌ అక్కడ కనుమరుగయ్యాయి. ఆ ఖాళీలోకి, దీవిలో విచ్చలవిడిగా పెరిగిన పందుల కోసం గోల్డెన్‌ ఈగల్స్‌ వచ్చి, నక్కల్నీ తినేశాయి. ఇదే పార్కులోని శాన్‌ మిగెల్‌ దీవిలో ఒక దశలో మిగిలినవి 15. అప్పుడు నక్కల్ని ఎన్‌క్లోజర్లలో పెంచారు, గోల్డెన్‌ ఈగల్స్‌ని పట్టి తరలించారు, పందుల్ని తొలగించారు, బాల్డ్‌ ఈగల్స్‌ని తిరిగి తెచ్చారు. 2004లో ప్రమాదపు జాబితాకెక్కిన నక్కలు 2016లో బయటపడ్డాయి. దీనికి పశువైద్యులొక్కరే సరిపోరు. రేడియో కాలర్‌ సిగ్నళ్లు పట్టేవాళ్లు, సంఖ్యను అంచనా వేసే స్టాటిస్టిక్స్‌ వాళ్లూ కావాలి. ప్లేస్‌మెంట్‌ సెల్‌లో ఈ కొలువుల మాట ఎప్పుడైనా విన్నారా? మన దగ్గర డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఇండియాలో వైల్డ్‌లైఫ్‌ సైన్స్‌ ఎమ్మెస్సీ ఉంది.

ఇక ఈ దీవి చుమాష్‌ ఆదివాసులది. వాళ్లు దీన్ని లిమూ అంటారు. కొట్టుకొచ్చిన రెడ్‌వుడ్‌ దుంగల్ని పలకలుగా చీల్చి, తాళ్లతో కుట్టి, తారు పూసి ‘టొమోల్‌’ పడవ కట్టేవారు. మేకుల్లేకుండా! 2001లో వాళ్ల వారసులు అలాంటి పడవలోనే తెడ్లేసుకుంటూ మళ్లీ లిమూ చేరారు.

పార్కు ప్రవేశం ఉచితం, పడవకే ఖర్చు. టికెట్‌ ముందే బుక్‌ చేసుకోండి.