వేగానికి కళ్లెం ఉన్నచోట ‘స్పోర్టీ’ చిన్నకార్లు

శ్రీ విజయపురం: 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన ఈ నగరంలో, గడియార స్తంభం చుట్టూ అల్లుకున్న అబర్డీన్ బజార్ వీధులకు అనువైనది చిన్నకారే. అయితే దానికి రేసుకారు హంగులు, శక్తిమంతమైన ఇంజను అవసరమా అన్నది చర్చనీయాంశం.

4 మీటర్ల పొడవు, 1200 సి.సి. మించని పెట్రోలు కార్లకు 2006 నుంచి పన్ను రాయితీ లభిస్తోంది. 2025 సెప్టెంబరులో వాటిపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఈ హద్దులలోనే తయారీదారులు పోటీపడుతున్నారు. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 998 సి.సి. టర్బో ఇంజనుతో 120 అశ్వశక్తిని అందించగా, 2024 నాటి మారుతి స్విఫ్ట్ 1197 సి.సి.తో సుమారు 82తో సరిపెట్టుకుంది. తక్కువ బరువే స్విఫ్ట్‌కు బలం.

అండమాన్ ట్రంక్ రోడ్డుపై జరావా గిరిజన రిజర్వులో వాహనాలు బారులు తీరి, గంటకు 40 కిలోమీటర్లు మించకుండా సాగాలి. ముందున్న వాహనాన్ని దాటరాదు. అక్కడ గరిష్ఠ వేగం నిరుపయోగం. కాగా, ఇంజను 1500 చుట్లకే పూర్తి లాగుడు బలాన్నిచ్చే టర్బో, నిండు బరువుతో కొండదారి ఎక్కడానికి అక్కరకు వస్తుంది. వెడల్పు చక్రాలు, పలుచని టైర్లు కంటికి ఇంపైనా గుంతల కుదుపును పెంచుతాయి. విడిభాగాలు సముద్రం దాటి రావలసిన దీవులలో సోకుకన్నా మన్నికకే విలువ ఎక్కువ.