ఇంగ్లీషు రాకుండా వచ్చి, ఇంగ్లీషు పేపరును ఏలినవాడు

పులిట్జర్ బహుమతుల వార్త ఏటా మన పేపర్లలోనూ వస్తుంది. ఆ పేరుగల మనిషి ఎవరో చాలామందికి పట్టదు. జోసెఫ్ పులిట్జర్ అమెరికాలో పుట్టినవాడు కాదు. 1847లో హంగరీలోని మాకో అనే ఊళ్ళో, ధాన్యం వ్యాపారం చేసే యూదు కుటుంబంలో పుట్టాడు. పదిహేడేళ్ళకు సిపాయి కావాలని బయల్దేరితే ఆస్ట్రియా సైన్యం వద్దంది, ఫ్రెంచివాళ్ళు వద్దన్నారు, బ్రిటిష్‌వాళ్ళదీ అదే మాట. బక్కపలచని ఒళ్ళు, సరిగా ఆనని చూపు. ఆఖరికి అమెరికా అంతర్యుద్ధానికి మనుషుల్ని పోగుచేస్తున్న ఏజెంట్లు హాంబర్గ్‌లో అతన్ని ఓడెక్కించారు. అది 1864.

బోస్టన్ రేవులో ఓడ దిగకుండా నీళ్ళలోకి దూకి, ఈదుకుంటూ ఒడ్డుకు చేరి, ఏజెంటుకు పోవలసిన డబ్బు తానే పుచ్చుకున్నాడని ఒక కథ ఉంది. గొప్పవాడయ్యాక అతికిన కథలా నాకు అనిపిస్తుంది గానీ, తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే చెయ్యడనీ అనలేం.

చేరిన గుర్రపుదళంలో ఎక్కువమంది జర్మన్లే. ఏడాది కొలువులో ఇంగ్లీషు అబ్బలేదు. యుద్ధం ముగిశాక సెయింట్ లూయిస్‌కు వెళితే మిసిసిపీ దాటడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. పడవ బాయిలర్‌లో బొగ్గు ఎగదోసి అవతలి గట్టుకు చేరాడు. కంచరగాడిదల్ని మేపాడు, హోటల్లో వడ్డించాడు. తీరిక దొరికితే ఆ ఊరి మర్కంటైల్ లైబ్రరీలో కూర్చుని ఇంగ్లీషూ, లా చదివాడు.

మొదటి వార్త మోసపోవడం వల్ల పుట్టింది. లూసియానా చెరకుతోటల్లో పని ఇప్పిస్తానని ఒకడు మనిషికి ఐదు డాలర్లు వసూలు చేసి, జనాన్ని స్టీమరెక్కించి, ఊరికి చాలా దూరంలో దింపి చక్కాపోయాడు. కాలినడకన తిరిగొచ్చిన పులిట్జర్ ఆ సంగతంతా రాస్తే వెస్ట్లీషే పోస్ట్ అనే జర్మన్ పత్రిక అచ్చేసింది. ఉద్యోగం మాత్రం చదరంగం పెట్టిన భిక్ష: లైబ్రరీలో చదరంగం ఆడేచోటే ఆ పత్రిక నడిపేవాళ్ళతో పరిచయమై, 1868లో రిపోర్టరయ్యాడు.

మరుసటి ఏడాదే మిస్సోరీ శాసనసభకు ఎన్నికయ్యాడు. నిబంధన ప్రకారం ఉండాల్సిన వయసు ఈయనకు నిండలేదు, ఇరవై రెండే. ఎవరూ అడగలేదు. సభ్యుడయ్యాక అవినీతి గురించి రాసినందుకు ఒక లాబీయిస్టుతో మాటామాటా పెరిగి, పిస్తోలు తీసి కాలిమీద కాల్చాడు. జరిమానాతో సరిపోయింది!

వ్యాపారబుద్ధికి నమూనా ఒకటి. 1874లో సెయింట్ లూయిస్‌లోనే కొన ఊపిరితో ఉన్న జర్మన్ పత్రిక ఒకదాన్ని కారుచౌకగా కొన్నాడు. పేపరు నడపడానికి కాదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తలు అందుకునే హక్కు దానికి ఉంది. అది లేక అల్లాడుతున్న మరో పత్రికకు ఆ హక్కు అమ్మేసి లాభం జేబులో వేసుకున్నాడు. 1878లో వేలంపాటలో 2,500 డాలర్లకు డిస్పాచ్ అనే దివాలా పేపరు పాడుకుని, పోస్ట్ అనే మరో ఇంగ్లీషు పేపరుతో కలిపాడు. ఐదేళ్ళు తిరిగేసరికి న్యూయార్క్‌లో జే గౌల్డ్ అనే రైల్వే కుబేరుడి చేతిలో నష్టాల్లో ఉన్న వరల్డ్ పత్రికను 3,46,000 డాలర్లకు కొనే స్థితికి వచ్చాడు.

అప్పటి న్యూయార్క్ ఇరుకిళ్ళ నిండా తనలాగే ఓడ దిగినవాళ్ళు. పెద్ద పత్రికల సంపాదకీయాలు వాళ్ళకు కొరుకుడు పడవు. వరల్డ్‌లో చిన్న వాక్యాలు, పెద్ద హెడ్డింగులు, బొమ్మలు, ఆటలకు ప్రత్యేకంగా చోటు. ధర రెండు సెంట్లు. ఇంగ్లీషు నేర్చుకోవడానికే ఆ పేపరు కొన్నవాళ్ళున్నారంటే ఆశ్చర్యం లేదు. నెల్లీ బ్లై అనే అమ్మాయి పిచ్చిదానిలా నటించి ఆశుపత్రిలో చేరి, లోపలి దారుణాలు బయటపెట్టింది 1887లో, ఈ పత్రికలోనే. 1889లో బయల్దేరి 72 రోజుల్లో భూగోళం చుట్టివచ్చిందీ ఆవిడే.

లిబర్టీ విగ్రహం ముందు సెల్ఫీ దిగిన మనవాళ్ళకు లెక్క లేదు. అయితే 1885లో ఆ విగ్రహం ఫ్రాన్సునుంచి పెట్టెల్లో వస్తుంటే, కింద దిమ్మె కట్టడానికి డబ్బు లేదు. ధనికులు కదల్లేదు. లక్ష డాలర్లు కావాలి, ఎంత చిన్న మొత్తం ఇచ్చినా మీ పేరు అచ్చేస్తాం అని పులిట్జర్ ప్రకటించాడు. అయోవాలోని ఒక బడి పసిపిల్లలు 1.35 డాలర్లు పంపారు. సర్కస్‌కని దాచుకున్న డాలరు పంపిన పిల్లలు ఇంకొందరు. ఇచ్చినవాళ్ళు లక్షమందికి పైనే, వాళ్ళలో ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే. ఐదు నెలల్లో లక్ష దాటింది. పేపర్లో తన పేరు చూసుకోవాలంటే పేపరు కొనాలి కదా! సర్క్యులేషన్ కూడా పెరిగింది.

ఇక ఇంట్లోనే ఉన్న విచిత్రం. పులిట్జర్‌కు బద్ధశత్రువైన పత్రికల యజమాని హర్స్ట్ 1895లో కొన్న జర్నల్ పత్రికను 1882లో పెట్టింది ఎవరో కాదు, ఆయన సొంత తమ్ముడు ఆల్బర్ట్. వరల్డ్‌లో పచ్చచొక్కా పిల్లాడి కార్టూన్ గీసే అవుట్‌కోల్ట్‌ను హర్స్ట్ ఎగరేసుకుపోతే, పులిట్జర్ ఇంకొకడితో అదే పిల్లాణ్ణి గీయించాడు. రెండు పేపర్లలో ఒకే పిల్లాడు! పచ్చ జర్నలిజం అన్న పేరు పుట్టింది అక్కడే. క్యూబా విషయంలో స్పెయిన్‌తో అమెరికా యుద్ధానికి ముందు ఇద్దరూ పోటీపడి వార్తలకు రంగులు పూసి యుద్ధజ్వరం పెంచారు. ఆయన జీవితంలో నాకు మింగుడుపడని ఘట్టాల్లో అదొకటి.

రెండోది పేపరు కుర్రాళ్ళది. వంద కాపీల కట్ట 50 సెంట్లకు కొని, కాపీ సెంటు చొప్పున అమ్మేవాళ్ళు. యుద్ధవార్తల గిరాకీ చూసి కట్టను 60 సెంట్లు చేశారు. వందా అమ్ముడైనా మిగిలేది నలభై. పది కాపీలు మిగిలిపోతే ముప్పై, ఎందుకంటే అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోరు. యుద్ధం అయిపోయినా పులిట్జర్, హర్స్ట్ ధర తగ్గించలేదు. 1899 జులైలో కుర్రాళ్ళు రెండు పేపర్లూ ముట్టమన్నారు, బ్రూక్లిన్ వంతెన మీద రాకపోకలు ఆపేశారు. రెండు వారాలకు యజమానులు దిగొచ్చారు. ధర తగ్గలేదు గానీ, మిగిలిన కాపీలు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. పేదల పక్షం అని చెప్పుకునే పత్రికకు పేదపిల్లలు నేర్పిన పాఠం అది.

అప్పటికి పులిట్జర్ ఆఫీసులో లేడు. నలభై మూడేళ్ళకే చూపు దాదాపు పోయింది, చెవులకు చిన్న చప్పుడైనా బాధే. శబ్దం చొరబడని గదులు కట్టించుకుని, లిబర్టీ అనే నౌకలో సముద్రాలు తిరుగుతూ, వంతులవారీగా సెక్రటరీలు చదివిపెడుతుంటే టెలిగ్రాముల మీదే పత్రిక నడిపాడు. ఇతరులకు అంతుపట్టకుండా వేల మాటల కోడ్ పుస్తకం తయారుచేశాడు. అందులో తన పేరు ఆండీస్. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు జిగట అనే అర్థం వచ్చే మాట. పనామా కాలువకు చెల్లించిన నాలుగు కోట్ల డాలర్లు ఎవరికి ముట్టాయని వరల్డ్ అడిగితే, రూజ్‌వెల్ట్ మండిపడి ప్రభుత్వం చేత పరువునష్టం కేసు పెట్టించాడు. 1911 జనవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పత్రిక పక్షాన నిలిచింది. అదే ఏడాది అక్టోబరులో పులిట్జర్ తన నౌకలోనే కన్నుమూశాడు.

వరల్డ్‌ను అమ్మొద్దని వీలునామాలో రాసిపోయాడు. 1931లో కొడుకులు కోర్టు అనుమతి తెచ్చుకుని అమ్మేశారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి రాసిన డబ్బు మాత్రం నిలబడింది. ఆ డబ్బుతో జర్నలిజం కాలేజీ 1912లో, బహుమతులు 1917లో మొదలయ్యాయి.

ఆ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు గోవింద్ బిహారీ లాల్. 1937లో, సైన్సు వార్తలకుగాను, మరో నలుగురితో కలిసి. కాలిఫోర్నియాకు చదువుకోవడానికి వెళ్ళి, బ్రిటిష్ పాలనపై పోరాడిన గదర్ పార్టీలో చేరినవాడు. మన దరిశి చెంచయ్యదీ అదే దారి, ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' చదివినవాళ్ళకు తెలుసు. ఇంతకీ లాల్‌కు జీతం ఇచ్చే సంస్థ ఎవరిదంటారా? హర్స్ట్‌ది.