గ్యాస్ గీజరు అతుకు: బిగింపు కన్నా అమరిక ముఖ్యం

తెల్లపొణికి కర్ర బొమ్మలకు ప్రసిద్ధి చెందిన కొండపల్లిలో వంటగ్యాస్‌ను సిలిండర్లలోకి నింపే ఇండియన్ ఆయిల్ సంస్థ కర్మాగారం కూడా ఉంది. 14.2 కిలోల గ్యాస్‌తో ఇళ్లకు చేరే సిలిండరు పొయ్యినే కాక, కొన్ని ఇళ్లలో స్నానపు నీళ్లు కాచే గీజరును కూడా వెలిగిస్తుంది. ఆ గీజరును మరమ్మతుకు విప్పి తిరిగి బిగించేటప్పుడు గ్యాస్ గొట్టం అతుకు సరిగా కుదరకపోతే, చేసిన మరమ్మతే ప్రమాదానికి కారణమవుతుంది.

వంటగ్యాస్ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. ఇది గాలి కంటే బరువైనది కాబట్టి, కారినప్పుడు పైకి పోకుండా నేల మీద, మూలల్లో పేరుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. సహజంగా వాసన లేని ఈ వాయువు కారుతున్నట్టు తెలియడానికే అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన రసాయనాన్ని కలుపుతారు.

గ్యాస్ అతుకుల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది కొసకు పోయేకొద్దీ సన్నబడే మర గల అతుకు. ఇందులో 16 పాళ్ల పొడవుకు ఒక పాలు చొప్పున వ్యాసం తగ్గుతుంది. ఎంత బిగించినా మర చుట్ల వెంట సన్నని సందు మిగులుతుంది కాబట్టి దానిని పూడ్చడానికి పూర్వం జనపనార చుట్టి రంగు పూసేవారు, ఇప్పుడు టెఫ్లాన్ టేపు వాడుతున్నారు. నీటి గొట్టాలకు వాడే పలుచని తెల్ల టేపు కాక, గ్యాస్‌కు తగినదని గుర్తించిన మందపాటి టేపునే ఎంచుకోవాలి. పాత టేపును పూర్తిగా గీకివేసి, మొదటి మర చుట్టును వదిలి, బిగించే దిశలోనే కొత్తది చుట్టాలి. లేకపోతే టేపు పీలికలు లోపలికి పోయి గీజరు వాల్వుకు అడ్డుపడతాయి.

రెండో రకంలో మర నట్టును పట్టి ఉంచుతుందే తప్ప గ్యాస్‌ను ఆపదు. ఆపేది లోపలి వాషరు, లేదా ఒకదానికొకటి ఒత్తుకునే లోహపు అంచులు. ఇక్కడ టేపు చుడితే అంచులు సరిగా కూర్చోక, బిగుతుగా కనిపించే అతుకు నుంచే గ్యాస్ కారుతుంది. కాబట్టి విప్పినప్పుడల్లా గ్యాస్‌కు తట్టుకునే కొత్త వాషరు వేయాలి. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకు ఒకసారి, పగుళ్లు కనిపిస్తే అంతకు ముందే మార్చాలి.

పని ముగిశాక గీజరును వెలిగించకుండా రెగ్యులేటరు తెరిచి, ప్రతి అతుకుకూ సబ్బు నీళ్లు పూసి చూడాలి. బుడగ లేస్తే లీకు ఉన్నట్టే. వెంటనే గ్యాస్ ఆపి, అతుకును విప్పి సరిచేయాలి. అగ్గిపుల్లతో పరీక్షించడం ప్రాణాంతకం. అతుకు ఎంత బాగున్నా, గాలి ఆడని స్నానాల గదిలో గీజరు మండితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది కాబట్టి దానిని గది బయటే అమర్చుకోవాలి.

మరమ్మతును శిక్షణ పొందిన మెకానిక్‌కే అప్పగించాలి, అతడు వెళ్లేలోగా సబ్బు నీళ్ల పరీక్షను దగ్గరుండి చేయించుకోవాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి.