తండ్రి నుంచే వచ్చే కండ

2016 నవంబరులో, పెద్దనోట్లు రద్దయిన రోజుల్లో, దర్శకుడు రవిబాబు పందిపిల్లను ఎత్తుకుని ఏటీఎం వరుసలో నిలబడ్డ ఫొటో ఊరూరా తిరిగింది. పందిపిల్లే కథకు కేంద్రమైన ఆయన సినిమా ‘అదుగో’ 2018 నవంబరులో విడుదలైంది. ఫిల్మ్‌నగర్‌లో ఎవరు పందిపిల్లతో సినిమా తలపెట్టినా, షూటింగ్ సాగేకొద్దీ అది పెరిగిపోతుంది. కిలో, కిలోన్నర బరువుతో పుట్టిన సీమపంది పిల్ల మంచి మేత పడితే ఆరేడు నెలల్లో తొంభై కిలోలకు చేరుతుంది. నాటుపంది ఆ వయసుకు అందులో సగం తూగడమూ కష్టమే. రెండింటికీ ఒకే మేత పెట్టినా ఈ అంతరం పూర్తిగా పోదు. అది జన్యువుల్లో ఉంది.

వాటిలో నన్ను బాగా ఆశ్చర్యపరిచేది ఐజీఎఫ్-2. కండ పెరగడానికి తోడ్పడే ప్రోటీన్‌కు సూచన ఇచ్చే జన్యువిది. అందులో ఒకచోట డీఎన్‌ఏ అక్షరం ‘జీ’కి బదులు ‘ఏ’ ఉంటే, ఈ జన్యువును అదుపు చేసే మరో ప్రోటీన్ అక్కడ పట్టు దొరక్క జారిపోతుంది. అదుపు సడలడంతో కండ మూడు నాలుగు శాతం పెరుగుతుంది, కొవ్వు తగ్గుతుంది. స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తల బృందం 2003లో ఈ సంగతి తేల్చింది. పైగా కండరంలో పనిచేసేది తండ్రి నుంచి వచ్చిన ప్రతి మాత్రమే, తల్లి ఇచ్చిన ప్రతి నోరు మెదపదు. అందుకే ఈ గుణం విషయంలో మగపంది ఎంపిక అంత కీలకం.

కండ పెరిగితే మాంసం బాగుంటుందని అనుకోకూడదు. ఆర్‌వైఆర్-1 జన్యువులోని ఒక మార్పు కండ పట్టిస్తుంది, కానీ కండరంలో కాల్షియం అదుపు తప్పిస్తుంది. ఈ మార్పును 1991లో గుర్తించారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ అది వచ్చిన పంది బెదిరినా, ఎండలో లారీ ఎక్కించినా ఒళ్లు కాలిపోయి చచ్చిపోవచ్చు. కోసినా, ఒంట్లో వేడి తగ్గకముందే కండరంలో ఆమ్లం పేరుకుంటుంది. మాంసం పాలిపోయి, మెత్తబడి, నీరు కారుతుంది. వండితే పీచులా ఎండిపోతుంది. బరువొక్కటే చూసి జాతిని ఎంచితే జరిగే నష్టం ఇదే.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన టీ-17 సంకరజాతిలో 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 శాతం నాటు రక్తం. నా దృష్టిలో ఆ పాతిక శాతమే అసలు ఆస్తి. మన ఎండలు, నాసిరకం మేత తట్టుకునే గుణం నాటుపందిది. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా పెంచి నిలబెట్టిన సంపద అది. సీమ మగపందులతో విచక్షణ లేకుండా కలిపేస్తూ పోతే, ఆ జన్యువులు ఏమిటో పూర్తిగా చదవకముందే పోతాయి. ఇక సీమ మగపందిలో ఆర్‌వైఆర్-1 లోపం ఉందో లేదో చెప్పడానికి నాలుగు వెంట్రుకల కుదుళ్లు చాలు. మగపందిని మందలో వదలకముందే ఆ పరీక్ష చేయించవచ్చు.