మిసిసిపీలో నీరు తగ్గింది, సోయా రైతుకు ధర తగ్గింది

అనావృష్టి వస్తే ధాన్యం ధర పెరుగుతుందనుకుంటాం. అమెరికాలో 2022 శరత్కాలంలో ఏటిగట్టు రైతుకు దీనికి భిన్నంగా జరిగింది. సోయా, మొక్కజొన్న కోతల వేళకే వానలు మొహం చాటేశాయి. పంటను న్యూఆర్లీన్స్ రేవులకు చేర్చే మిసిసిపీ నదిలో నీరు తీసింది. అక్టోబరులో మెంఫిస్ వద్ద నీటిమట్టం కొలబద్ద సున్నా గుర్తుకు 10.81 అడుగుల దిగువకు పోయింది. మరుసటి ఏడు 12.04 అడుగులు!

అడుగు నేలకు తగలకుండా బార్జీల్లో సరకు తగ్గించి నింపవలసి వచ్చింది. కిరాయిలు రికార్డు స్థాయికి ఎగబాకాయి. రేవు ధర ప్రపంచ మార్కెట్‌ను బట్టి ఉంటుంది కనుక వర్తకులు కిరాయి భారాన్ని రైతుకిచ్చే ధరలో కోశారు. షికాగో వాయిదా ధరకూ, గట్టుమీది రొక్కం ధరకూ అంతరం బాగా పెరిగింది. సొంత గిడ్డంగి ఉన్న రైతు సరకు ఆపుకోగలడు. లేనివాడు, ఇది మన యార్డుల్లోనూ చూసేదే, వచ్చిన ధరకు తెగనమ్ముకోవలసిందే.