అయస్కాంత రేఖలు తెగి అతుకుకొను చోటు

మా శ్రోతలలో హ్రస్వ తరంగములపై దూరదేశముల ప్రసారములు వినువారికి ఒక అనుభవము పరిచితమే. కొన్ని దినములలో, రేడియోయందు ఏ లోపమును లేకయే, ధ్వని సన్నగిలును. కొన్ని కేంద్రములు బొత్తిగా వినబడవు. ఇందుకు గల కారణములలో భూమిపైన అంతరిక్షమున చెలరేగు అయస్కాంత తుఫాను ఒకటి. ఆ తుఫానుకు తలుపు తెరచునది ఏదో విచారింతము.

సూర్యునినుండి విద్యుత్కణముల ప్రవాహ మొకటి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో ఎడతెగక వీచుచున్నది. ఇట్టి కణములతో నిండిన వాయువునకే ప్లాస్మా యని పేరు. భూమి అయస్కాంత క్షేత్రము దాని కడ్డుగోడవలె నిలిచి ప్రక్కలకు మరల్చును. సూర్యుని వైపున ఈ గోడ భూమికి దాదాపు 60,000 కిలోమీటర్ల దూరమున నుండును.

అయినను గోడకు గండి పడుచుండును. భూమి అయస్కాంత రేఖలు అచ్చట ఉత్తరముఖముగా నుండును. సౌరప్రవాహము తెచ్చు రేఖలు దక్షిణముఖమైనచో, రెండును ఎదురుపడి, తెగి, ఒకదానితో నొకటి అతుకుకొనును. దీనినే అయస్కాంత పునస్సంధాన మందురు. క్షేత్రమున దాగిన శక్తి అప్పుడు కణముల వేగముగను, వేడిమిగను మారును. ఈ విధముననే సౌరశక్తి లోనికి చొరబడునని 1961లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్స్ డంజీ ప్రతిపాదించెను.

అమెరికా, ఐరోపాలు 1977లో పంపిన జంట ఉపగ్రహముల కొలతలనుండి, రస్సెల్, ఎల్ఫిక్ అను శాస్త్రజ్ఞులు మరుసటి యేడు ఒక జాడను పట్టిరి. గోడవెంట, పేనిన మోకులవంటి ప్లాస్మా గొట్టములు, వేల కిలోమీటర్ల అడ్డుకొలతతో, సాగిపోవుచుండెను. ఇవి పునస్సంధానము విడిచిన గుర్తులు. కాని రేఖలు తెగు చోటు మాత్రము చిక్కలేదు.

ఏలయన, ఆ చోటు మందము కొన్ని కిలోమీటర్లే. అదియును నిలుకడగా నుండదు. ఒక ఊరిలో వాన ఆగినచో, వాన వెలిసినదో, మేఘము ప్రక్క ఊరికి పోయినదో ఆ ఒక్క ఊరివారు చెప్పజాలరు. చుట్టునున్న ఊళ్ల వారిని గూడ అడుగవలెను. ఒంటరి నౌకకును ఇదే చిక్కు.

కావున 2015 మార్చిలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నాలుగు నౌకలను పంపెను. త్రిభుజాకారపు పీఠము గల శిఖరము యొక్క నాలుగు మూలలవలె అవి కలిసి పయనించును. ఇవి ఎలక్ట్రానులను సెకనుకు ముప్పది మార్లకు పైగా కొలువగలవు. 2015 అక్టోబరు 16న, పరస్పరము సుమారు 10 కిలోమీటర్ల ఎడముతో, అవి సరిగా తెగు చోటునే దాటెను. రేఖల పట్టు విడిపించునది ఎలక్ట్రానుల కదలికయేనని అప్పుడు ప్రత్యక్షముగా తెలిసినది. 2017 జులై 11న భూమికి వెనుకవైపున, క్షేత్రము తోకవలె సాగిన చోటను, ఇట్టి స్థలమునే చూచెను.

ఇది కేవల కుతూహలము కాదు. 1989 మార్చి 13న అయస్కాంత తుఫానువలన కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున దాదాపు 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు విద్యుత్తు నిలిచిపోయెను. అందుచేతనే, భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు కావలియున్న నౌకలు, వచ్చు ప్రవాహపు వేగమును మాత్రమే గాక దాని రేఖలు ఎటు తిరిగినవో గూడ గమనించును. అవి దక్షిణమునకు తిరిగినచో, విద్యుత్కేంద్రముల వారికి జాగ్రత్తపడుటకు చిక్కు వ్యవధి ఇంచుమించు అరగంటనుండి గంట. ఆ కొద్ది వ్యవధిని సార్థకము చేయుటకే ఈ పరిశోధన.