పెరడులేని యింట కూరమడి

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి విద్యార్థులను, మీలో నెందఱి యిండ్లలో కూరమొక్కలు గలవని యీ సంవత్సరారంభమున నడిగితిని. నలువదిమందిలో ఏడుగురు చేతు లెత్తిరి. మనీప్లాంటును క్రోటనులును లెక్కకు రావని చెప్పగా వారిలో నలుగురు చేతులు దించిరి. తక్కినవారిని కారణ మడుగగా కొందఱు స్థలము లేదనిరి. కొందఱు తీరిక లేదనిరి. ఒక బాలుడు, మట్టి యెక్కడ దొరకునో తెలియదనెను. తరగతి యంతయు నవ్వెను గాని నేను నవ్వలేదు. ఏలయన మూడేండ్ల క్రిందట నాకును తెలియదు.

నేను విజయవాడలో నొక అపార్టుమెంటున మూడవ అంతస్తులో కాపురముందును. ఉదయము 7 గంటలకు బయలుదేఱి, సాయంకాలము దిద్దవలసిన పుస్తకముల మూటతో నింటికి వచ్చువాడను. మా తండ్రిగారు గతించిన పిమ్మట మా తల్లిగారిని పల్లెనుండి తీసికొని వచ్చితిమి. ఆమె పుట్టినది మొదలు మట్టిలో చేయిపెట్టి బ్రతికిన మనిషి. ఇచ్చట నామెకు చేయుటకు పని లేకపోయెను. క్రమముగా మాట తగ్గినది, ఆకలి తగ్గినది. వైద్యునకు చూపగా రోగమేమియు లేదనెను. ఒకనాడు నేను బజారునుండి తెచ్చిన తోటకూర కట్టను ముక్కుదగ్గఱ పెట్టుకొని, “ఇది ఎప్పుడు కోసిందిరా? నిన్ననా, మొన్ననా?” అని యడిగి, జవాబునకు చూడకయే పక్కకు పెట్టెను. ఆ వారమే నేను రెండు కుండీలును రెండు టమాటా మొక్కలును కొని తెచ్చితిని.

ఆ రెండును నెల తిరుగకమునుపే చచ్చినవి. వానిని చంపినది నేనే. ప్రాతఃకాలమున నొకచెంబు, రాత్రి నొకచెంబు చొప్పున నీరు పోయుచుంటిని. ఆకులు వాడినకొలది మఱియొక చెంబు పోసితిని. తుదకు కుండీని బోర్లించి చూడగా అడుగునున్న రంధ్రము మట్టితో మూసికొనిపోయి, వేళ్లు నల్లబడి కుళ్లియున్నవి. వేళ్లకు నీరెంత యవసరమో గాలియు నంత యవసరము. మట్టిరేణువుల నడుమ సందులన్నియు నీటితో నిండినయెడల గాలి యుండదు; గాలి లేని వేరు నీటిని పీల్చలేదు. అందుచేత నీరెక్కువైన మొక్కయు నీరు చాలని మొక్కవలెనే తల వాల్చును. క్రొత్తవారు మోసపోవున దిచ్చటనే. మా తల్లిగారు వచ్చి, వ్రేలు రెండవ కణుపువఱకు మట్టిలో గ్రుచ్చి, “లోన తడి ఉంటే పోయకూడదు, పొడిగా ఉంటే పోయాలి, అంతే” అనిరి. మఱి ముందే యేల చెప్పలేదని యడిగితిని. “నువ్వు అడిగావా?” అనిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన నాకు, అక్షరము లెఱుగని యామెను అడుగవలెనని తోచకపోయెను.

ఇక మొదలుపెట్టగోరువారికి నాకు తెలిసినది చెప్పెదను. అన్నిటికంటె ముందు కొనవలసినది కుండీ గాదు, విత్తనము గాదు, చూడవలసినది ఎండ. ఆకుకూరలకు దినమునకు మూడు నాలుగు గంటల యెండ చాలును. వంగ, మిరప, టమాటా మొదలగు కాయజాతులకు ఆఱు గంటలైన నుండవలెను. మీ బాల్కనీలో నెండ యెంతసేపుండునో యూహించుకొనవలదు. ఒక యాదివారము సుద్దముక్క తీసికొని, గంటకొకసారి యెండ అంచున నేలపై గీత గీయుడు. ఈ పని చలికాలమున నొకసారియు, వేసవిలో నొకసారియు చేయవలెను. మన విజయవాడ ప్రాంతమున మే మొదటివారమునుండి ఆగష్టు మొదటివారమువఱకు మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. తక్కిన కాలమంతయు దక్షిణముగా నుండును. కావున దక్షిణపు బాల్కనీలో చలికాలమున నిండుగ నెండ పడును గాని, వేసవి నడుమ నది నీడలో నుండును. భూగోళశాస్త్రములో మీరు కర్కటరేఖను గూర్చి కంఠస్థము చేసినది యిచ్చట సుద్దగీతలుగా కనబడును.

కుండీలకు డబ్బు వెచ్చింపనక్కఱలేదు. పగిలిన బకెట్టు, రంగుడబ్బా, బియ్యపు సంచి యేదైనను సరియే. అడుగున నాలుగైదు రంధ్రములు మాత్రము తప్పక యుండవలెను. ఆకుకూరలకు 6 అంగుళముల లోతు చాలును. మిరపకు, వంగకు 12 అంగుళములు కావలెను. చిన్నకుండీలు చూచుటకు ముద్దుగా నుండును గాని, పని తీరికలేనివారికి శత్రువులు. మే నెలలో నవి యొక్కపూటలో నెండిపోవును. పెద్దది మీరు ఊరికి వెళ్లినను ఒకటి రెండు దినములు తాళును. మేడమీద పెట్టదలచినవారు బరువును లెక్కింపవలెను. ఒక ఘనపుటడుగు తడిమట్టి సుమారు 50 కిలోగ్రాములు తూగును. కనుక మేడ నడుమ గుట్టగా పేర్చక, గోడలవెంబడి దూరదూరముగా నుంచి, యజమాని యనుమతి ముందుగా పొందుడు.

మట్టి మాటకు వత్తము. ఉత్త యెఱ్ఱమట్టి కుండీలో నింపినయెడల నీరు పోయగా పోయగా నిటుకవలె గట్టిపడును. ఎఱ్ఱమట్టి యొకపాలు, బాగుగా చివికిన పశువుల యెరువు గాని వానపాముల యెరువు గాని యొకపాలు, కొబ్బరిపొట్టు ఒకపాలు కలిపి, కుండీకొక గుప్పెడు వేపపిండి చేర్చిన మంచిది. కొబ్బరిపొట్టును ముందు రెండుమార్లు నీట నానబెట్టి పిండవలెను. దానిలోని యుప్పు పోవును. పచ్చిపేడ వేయరాదు. అది మట్టిలో చివుకునపుడు వేడి పుట్టి లేతవేళ్లను మాడ్చును. ఇండ్లు కట్టుచోట మిగిలిన మట్టి ఉచితముగా దొరకును గాని, దానిలో సున్నమును సిమెంటును కలిసియుండును, దానిజోలికి పోవలదు.

మొదటి పంటగా టమాటా వేయవలదని నా మనవి. ఎఱ్ఱని పండ్లకు ఆశపడియే నేను చెడితిని. మీ పోపులపెట్టెలోని మెంతులతో మొదలుపెట్టుడు. ఒకరాత్రి నానబెట్టి చల్లి, అర అంగుళము మట్టి కప్పినయెడల మూడు నాలుగు దినములలో మొలచును. 25 దినములకు కోతకు వచ్చును. తోటకూర విత్తనము మిక్కిలి సన్ననిది. దానిని గుప్పెడు ఇసుకతో కలిపి చల్లనియెడల ఒకచోటనే గుంపుగా పడును. నెలనాళ్లకు కోయవచ్చును, మొదలంట పీకక నాలుగంగుళములు విడిచి కోసిన మరల చిగిర్చును. బచ్చలికి విత్తనమే యక్కఱలేదు, కట్టలోని ముదురుకాడను గ్రుచ్చిన చాలును. పుదీనాయు నట్టిదే. కరివేపాకు మాత్రము నిదానస్థురాలు. రెండేండ్లు దానిని చూచుచుండుటయే గాని కోయవలదు.

కొత్తిమీర యందఱికిని కావలెను, అందఱిని ఏడిపించును. ధనియము రెండు విత్తనములు కలిసిన కాయ. దానిని నేలపై పోసి చెప్పు అడుగుతోనో చెక్కముక్కతోనో మెల్లగా రాచి రెండు బద్దలుగా చేసి, ఆపై నానబెట్టి చల్లవలెను. మొలచుటకు పదిదినములు పట్టును. నాలుగవనాడే మట్టిని కెలికి చూచువారు దానిని చంపుదురు. దీనికి మన వేసవి గిట్టదు. ఎండ ముదిరినంతనే ఆకు మాని పూతకు పోవును. అక్టోబరునుండి జనవరివఱకు చల్లినదే కంటికి నిండుగా పెరుగును.

తీరిక మాట. నా కుండీలు ఎనిమిది. వానికి దినమునకు పదినిమిషములు చాలుచున్నవి. అన్నింటిలో నొకేనాడు విత్తనములు చల్లిన ఒకవారము కూర మితిమీఱి, తరువాత నెలయంతయు నుండదు. కనుక వారమునకొక కుండీ చొప్పున చల్లవలెను. బియ్యము కడిగిన నీరు వృథాగా పోక కుండీకి చేరును. రోహిణికార్తె యెండలలో క్రొత్తగా నేమియు మొదలుపెట్టక, ఉన్నవానిపై పచ్చని నీడవల కట్టి, మట్టిపై ఎండుటాకులు కప్పుడు. జూన్ రెండవవారమున మృగశిర ప్రవేశించి మొదటి చినుకులు పడినపుడు గోంగూరతో ఆరంభించుట మంచిది.

పురుగులను గూర్చి యెక్కువ చెప్పను. ఆకు అడుగున పేనుబంకయో తెల్లని పిండినల్లియో కనబడినయెడల మొదట నీటిధారతో కడిగివేయుడు. పోనియెడల లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు, అది నీట కలియుటకు కొంచెము సబ్బునీరును చేర్చి, సాయంకాలము ఆకుల అడుగున పిచికారి చేయవలెను. కోసి వండుకొను నాకుకూరపై నేను రసాయనపు మందు కొట్టను.

ఒక తగవును గూర్చి చెప్పవలసియున్నది. మొదటి సంవత్సరమున మా కుండీల యెఱ్ఱనీరు క్రింది యింటివారి తెల్లని దుస్తులపై కారెను. వారు చెప్పిన మాటలు న్యాయమైనవే. నాటినుండి ప్రతి కుండీక్రిందను పళ్లెముంచితిమి. ఆ పళ్లెములలో నీరు నిలిచిన దోమలు పుట్టును. గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు చాలును. కావున రెండుమూడు దినములకొకసారి వానిని వంచివేయుట మఱువరాదు. క్రింది యింటివారికి ఇప్పుడు మేము మొదటికోత మెంతికూర పంపుచున్నాము. వారింకను నవ్వలేదు గాని గిన్నె కడిగి తిరిగి యిచ్చుచున్నారు.

ఇంటికూరవలన ఖర్చు తగ్గునను మాటను నమ్మవలదు. మొదటి సంవత్సరమున మట్టికి, ఎరువునకు నేను పెట్టిన సొమ్ముతో ఆ కూరలను బజారులో రెట్టింపు కొనియుండవచ్చును. మా యింట లాభము వేఱొక లెక్కలో వచ్చినది. మా తల్లిగారు తెల్లవాఱకమునుపే లేచి బాల్కనీలో నుందురు. నన్నిప్పుడు కుండీల దగ్గఱకు రానీయరు. అన్నము మరల రెండుపూటలు తినుచున్నారు. పోయిన చలికాలమున రెండు గోంగూర మొక్కలను కోయక విడిచి, కాయలు ఎండిన పిదప విత్తనములు రాల్చి, బూడిద కలిపి సీసాలో దాచిరి. అవి తొమ్మిదవ తరగతివారికని నాతో చెప్పిరి. కావలసిన విద్యార్థులు శుక్రవారము మధ్యాహ్న విరామమున నా యొద్దకు రావచ్చును. పొట్లము కట్టుకొనుటకు కాగితము మీరే తెచ్చుకొనవలెను.